ఒక చెప్పు, రెండు కథలు

పెంటపాడు కాలువగట్టున ఒకనాటి సాయంకాలము పదేండ్ల బాలుడొకడు, నీటిపాలైన చెప్పుకై వెదకి వేసారి, ఇల్లు చేరుటకు ముందు రెండు కథలను వల్లెవేసికొనుచుండగా వింటిని. తండ్రికి "బళ్లో ఎవడో పట్టుకుపోయాడు నాన్నా" అనునది మొదటిది. నాయనమ్మకు "కాళ్లు కాలిపోతన్నాయే మామ్మా" అనునది రెండవది. ఎవరియొద్ద ఏ మాట పాఱునో ఆ పసివాడు అప్పటికే తూచియుంచుకొన్నాడు.

ఇట్టి నేర్పు ముదిరి, పరులను పావులవలె నడపుటయే స్వభావమైనపుడు, మనశ్శాస్త్రజ్ఞులు దానికి ఇటలీ రాజనీతిజ్ఞుడైన మాకియవెల్లీ పేరు పెట్టిరి. మన పల్లెలకు శకుని పేరు చాలును. 1970లో క్రిస్టీ, గైస్ అను నిరువురు దీనిని కొలుచుటకు ఇరువది వాక్యముల ప్రశ్నావళిని ప్రకటించిరి. ఈ స్వభావమున పుట్టుకకును పాలు కలదు గాని, 2008లో కవలలపై జరిగిన యొక పరిశోధనలో, దీనితోబాటు పరీక్షించిన యితర దుర్గుణములందుకంటె ఈ కపటమునందే ఉమ్మడి గృహవాతావరణపు ప్రభావము స్పష్టముగా గానవచ్చినది.

అమెరికాలో డయానా బామ్‌రిండ్ 1960వ దశకమున వివరించిన పెంపకపు తీరులలో కఠినశాసనమును, అతిగారాబమును చూచుటకు పరస్పర విరుద్ధములైనను, బిడ్డకు తప్పించుకొనుట యొకటియు, రాబట్టుకొనుట యొకటియు నేర్పునని నాకు దోచును. ఆదరముతో గూడిన కట్టుబాటున్న యింట ఈ రెండింటి యవసరమును తక్కువ. 2011లో విక్టోరియా తల్వార్, కాంగ్ లీ పశ్చిమాఫ్రికాలోని రెండు బడులను పోల్చి చూడగా, దెబ్బలు ఆచారమైన బడిలోని మూడు నాలుగేండ్ల పసివారు అధికముగా అబద్ధమాడుటయే గాక, ఆడినదానిని నేర్పుతో నిలుపుకొనిరి. బడుల ఇన్‌స్పెక్టరుగా ఊరూర దిరిగిన చలము 'బిడ్డల శిక్షణ'లో, భయపెట్టి పెంచుటను ఏనాడో నిరసించెను.

బుడమేరు, తమ్మిలేరు కొల్లేటికి దెచ్చిన నీరు ఉప్పుటేటి గుండ సముద్రమున గలియవలెను. ఆ దారి పూడినచో నీరు ఊళ్లమీద బడును. బిడ్డ దుఃఖమును అట్టిదే. "ఏడుపు ఆపుతావా లేదా?" అని గద్దింపబడిన బిడ్డ ఏడుపు మానునే గాని, దుఃఖము మానడు. ఉద్రేకమును ముఖమున దాచినంతమాత్రమున లోపల చల్లారదనియు, జరిగినదానిని వేఱొక దృష్టితో జూడనేర్చినవానికి చల్లారుననియు జేమ్స్ గ్రాస్ పరిశోధనలు దెలుపుచున్నవి. ఆ చూపు పిల్లలకు చాలవఱకు పెద్దల మాటలవలన అలవడును. అది దొరకని బిడ్డలలో కొందఱు తమ బాధను చెప్పుకొనుటకు మాఱుగా ఎదుటివారిపై ప్రయోగింప నేర్తురు. అట్లని ఇది జాతకచక్రము కాదు. బిడ్డ మొండితనమే తలిదండ్రులను కఠినులను జేసిన యిండ్లును గలవు.

చెప్పు ఎట్లు పోయినదని నేనడుగగా, "చేపపిల్లని పడదామని వంగానండి, జారిపోయింది" అని ఆ బాలుడు నిజమే చెప్పినాడు. నాచేత బెత్తమును లేదు, నాయనమ్మ కొంగున ముడివేసిన చిల్లరయు లేదు.