మెట్లు నొక్కితే మీటే వాద్యం



కిందటి ఏడు మా చెల్లెలి రెండో కాన్పుకి సాయంగా బోస్టన్ వెళ్ళి ఆర్నెల్లు వుండి వచ్చాను. అక్కడ ఏం చూశారండీ అని కనిపించినవాళ్ళల్లా అడుగుతున్నారు. చూసినవాటి మాట ఎలా వున్నా, నేను విన్నది ఒకటుంది. దాని సంగతి ఇవాళ చెప్పుకుందాం.

మా చెల్లెలి పక్కింట్లో డెబ్భై అయిదేళ్ళ ఆవిడ ఒక్కతే వుంటుంది. నెలకొక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ఇంటికి ఏడెనిమిదిమంది వస్తారు. అందరూ హార్ప్సికార్డ్ పిచ్చివాళ్ళు. వాయించేవాళ్ళు ఇద్దరు, వాద్యాలు బాగుచేసేవాడు ఒకడు, మిగిలినవాళ్ళు వినేవాళ్ళు. నేను చిన్నప్పుడు నాలుగేళ్ళు వీణ నేర్చుకున్నానని మా చెల్లెలు చెప్పిందట, నన్నూ పిలిచారు. మెట్రిక్‌తో ఆగిపోయిన నా ఇంగ్లీషుతో అక్కడ కూర్చోవడం ఎలాగా అని వెనకాడాను గానీ, వెళ్ళాక భయం పోయింది. వాళ్ళు అక్కడ పాండిత్యం చూపించుకోరు. ఒకళ్ళనొకళ్ళు ప్రశ్నలు అడుక్కుంటారు. నా వంతు వచ్చినప్పుడు నేనూ ఒకటి అడిగాను: ‘ఇది పియానో కాదా?’

ఎవరూ నవ్వలేదు. పక్కింటావిడ నన్ను తీసుకెళ్ళి వాద్యం ముందు కూర్చోబెట్టి, ఒక మెట్టు మెల్లిగా నొక్కమంది. తరవాత అదే మెట్టు గట్టిగా కొట్టమంది. రెండుసార్లూ ఒకే నాదం. ఇత్తడి గిన్నెలో వీణ మోగినట్టు, సన్నగా, కరుగ్గా వుంది. ఎంత బలంగా కొట్టినా చప్పుడు పెరగలేదు.

ఎందుకంటారా? పియానోలో మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి తీగను కొడుతుంది. వడిగా కొడితే గట్టిగా, నెమ్మదిగా కొడితే నెమ్మదిగా పలుకుతుంది. హార్ప్సికార్డులో సుత్తి లేదు, మీటు వుంది. మెట్టు ఈ చివర నొక్కితే ఏతం మానులాగా ఆ చివర లేస్తుంది. ఆ చివర మీద జానెడు చెక్కపుల్ల ఒకటి నిలబడి వుంటుంది. జాక్ అంటారు దాన్ని. దాని పైభాగంలో కదిలే నాలుక, ఆ నాలుకలోంచి బియ్యపుగింజంత మొన బయటికి పొడుచుకుని వుంటాయి. పుల్ల లేచినప్పుడు ఆ మొన తీగను మీటి పైకి పోతుంది. మెట్టు వదిలితే పుల్ల కిందికి దిగాలి గదా, దిగేటప్పుడు మళ్ళీ మీటితే గోల అయిపోతుంది. అందుకని నాలుక వెనక్కి వంగి తీగను తప్పించుకుని దిగుతుంది. దాన్ని తిరిగి ముందుకి తెచ్చేది పూర్వకాలంలో ఒక్క పంది వెంట్రుక! పుల్ల పక్కనే అంటించిన గుడ్డముక్క తీగ మీద వాలి నాదాన్ని ఆపేస్తుంది. మొన దేంతో చేస్తారంటే, కాకి ఈకల కాడతోనూ బాతు ఈకల కాడతోనూ. తోలూ వాడారు, ఇరవయ్యో శతాబ్దంలో డెల్రిన్ అనే ప్లాస్టిక్కూ వచ్చింది. ఇప్పుడు కొందరు మళ్ళీ ఈకలకే వచ్చారు. అంటే మన వీణకి వేలు చేసే పనిని అక్కడ పక్షి ఈక చేస్తుందన్నమాట. మీటు ఎప్పుడూ ఒకటే గనక నాదమూ ఒకటే.

మరి పెంచడం తగ్గించడం లేకపోతే ఆ సంగీతానికి ప్రాణం ఎక్కడ? నాకు కలిగిన సందేహం మూడువందల ఏళ్ళ కింద ఫ్రాన్సులో ఫ్రాంస్వా కూపెరాఁ అనే విద్వాంసుడికే కలిగింది. ఈ వాద్యానికి భావం పలికే శక్తి తెచ్చేవాళ్ళకి ఎప్పటికీ కృతజ్ఞుణ్ణి అని 1713లో తన పుస్తకం ముందుమాటలో రాసుకున్నాడు. ఆ ఉపాయం ఆయనే మూడేళ్ళ తరవాత, 1716లో అచ్చువేసిన వాదన పుస్తకంలో చెప్పాడు. స్వరాన్ని పెంచలేవా, దాన్ని వెంట్రుకవాసి ఆలస్యంగా మీటు. చెవి దానికోసం ఎదురుచూస్తుంది. కమానుతో వాయించేవాళ్ళు నాదాన్ని ఉబ్బించే చోట ఇక్కడ ఆ చిన్న నిశ్శబ్దం అదే పని చేస్తుంది. పక్కింటావిడ ఒకే వాక్యాన్ని ఆ ఆలస్యం లేకుండా ఒకసారి, ఆలస్యంతో ఒకసారి వాయించి చూపించింది. రెండోసారి ఆ స్వరం నిజంగా పెద్దదిగా వినిపించింది! పెద్దది కాలేదని నాకు తెలుసు, అయినా చెవి ఒప్పుకోలేదు.

ఆ పుస్తకంలో తల్లులు వినవలసిన మాటలు వున్నాయి. పిల్లలకి మొదట్లో గురువు లేనప్పుడు సాధన చేయనివ్వకూడదట. తాను పాఠం అవగానే వాద్యానికి తాళం వేసి చెవి పట్టుకుపోతానని రాశాడు. మన ఇళ్ళల్లో కూర్చో, సాధన చెయ్యి అని కసురుతాం, ఆయన చెయ్యొద్దని తాళం వేశాడు! వాయించేటప్పుడు మొహం వికారంగా పెట్టేవాళ్ళు ఎదురుగా అద్దం పెట్టుకోవాలట. చేతులతో బరువుపనులు చేసేవాళ్ళకి ఈ విద్య రాదనీ, అందుచేత ఆడవాళ్ళ చేతులే మేలనీ కూడా అన్నాడు. ఆయన చూసింది దొరసానుల చేతుల్ని గాబోలు. రోట్లో పిండి రుబ్బే చేతుల్ని చూసివుంటే ఏమనేవాడో.

ఆడవాళ్ళ మాట వచ్చింది గనక ఎలిజబెత్ జాకే ద లా గేర్ పేరు చెప్పకుండా వుండలేను. 1665లో పుట్టిన ఈవిడ చిన్నపిల్లగానే పధ్నాలుగో లూయీ రాజు ఎదుట వాయించి మెప్పించింది. 1687లో తన హార్ప్సికార్డ్ కృతుల్ని అచ్చు వేయించింది. ఆ కాలంలో ఆడదాని పేరుతో సంగీతగ్రంథం రావడం మాటలా! ఆవిడ కృతుల్లో కొన్నిటి ముందు ఒక ప్రత్యేకమైన భాగం వుంటుంది. స్వరాలు వరసగా రాసి వుంటాయి గానీ తాళం చాలావరకు వుండదు. ఎంతసేపు నిలపాలో, ఎక్కడ పరుగెత్తాలో వాయించేవాళ్ళ ఇష్టం. ఇది విని, ‘మా ఆలాపన కూడా ఇలాగే తాళం లేకుండా వుంటుంది’ అన్నాను. వాళ్ళు ఆలాపన పాడి వినిపించమన్నారు. గొంతు సవరించుకుని ఏదో రెండు నిమిషాలు మోహన పాడాను. నా గొంతు సంగతి శ్రోతలకు తెలుసు గనక వివరించను.

ఇక వాళ్ళలో తరచూ వాదన పడేది ఏ సంగీతానికి ఏ వాద్యం అన్న ప్రశ్న మీద. హార్ప్సికార్డ్ అంటే ఒకటి కాదు. ఇటలీవాళ్ళది దేవదారు జాతి పలుచని చెక్కతో తేలికగా వుంటుంది, మాట విరిచినట్టు టక్కున పలికి ఆగుతుంది. ఆంట్‌వెర్ప్ వూళ్ళో రుకర్స్ కుటుంబం పదహారు, పదిహేడు శతాబ్దాల్లో చేసినవాటికి నాదం నిండుగా నిలుస్తుంది. వాటి లోపలి పలక మీద పువ్వులూ పురుగులూ చిత్రించి, మధ్య రంధ్రంలో తమ ముద్రబిళ్ళ పెట్టేవారు. పారిస్‌లోవాళ్ళు ఆ రుకర్స్ పెట్టెలు కొని, వెడల్పు చేసి, మెట్లు పెంచి, రెండు వరసల మెట్లు కూర్చి వాడుకున్నారు. వాటికి ఎంత గిరాకీ అంటే, కొత్త పెట్టెకి రుకర్స్ ముద్ర తగిలించి అమ్మిన మోసగాళ్ళు కూడా వున్నారు. రెండు వరసలు ఎందుకంటే, చేతి బలంతో రాని తేడాను వరస మార్చి తెచ్చుకోడానికి. బాఖ్ 1735లో అచ్చువేసిన ఇటాలియన్ కచేరీ కృతిలో ఎక్కడ ఏ వరస మీద వాయించాలో గుర్తులు పెట్టాడు. స్పెయిన్ రాణి మరియా బార్బరాకి గురువైన స్కార్లాటీ 555 సొనాటాలు రాస్తే, వాటిలో చాలావాటికి ఒక్క వరస చాలు, చేతులే ఒకదానిమీంచి ఒకటి దూకుతుంటాయి.

శ్రుతి సంగతి మాత్రం నాకు బాగా దగ్గరగా అనిపించింది. పియానోకి మనిషిని పిలిపిస్తారు, హార్ప్సికార్డుకి ఎవరి శ్రుతి వాళ్ళే చేసుకోవాలి. ఇనుము, ఇత్తడి సన్నతీగలు, వాన వస్తే ఒకలా, ఎండ వస్తే ఒకలా వుంటాయి. పూర్వపు శ్రుతిపద్ధతి ఒకదానిలో షడ్జమానికి అంతరగాంధారం పూర్తిగా కలిసేలా చేసి, పంచమాల్ని కొంచెం కొంచెం తగ్గిస్తారు. అలా చేసుకుంటూ పోతే చివర మిగిలిన ఒక్క పంచమం భరించరానంతగా చెడిపోతుంది. ఆ కూత విని దానికి తోడేలు అని పేరు పెట్టారు. కృతులు రాసేవాళ్ళు తోడేలు వున్న చోటికి పోకుండా రాసుకునేవారు. మన వీణకి మైనం మీద మెట్లు కూర్చేటప్పుడు మా మాస్టారు గంటలకొద్దీ చెవి ఆనించి కూర్చోవడం జ్ఞాపకం వచ్చింది.

వీణ అన్నాను గనక ఒక్క విషయం. హార్ప్సికార్డ్ మన దేశమూ వచ్చింది, ఇంగ్లీషు దొరసానుల వెంట ఓడల్లో. కాశీలో మార్గరెట్ ఫౌక్ అనే ఆవిడ దగ్గర ఒకటి వుండేది. ఆవిడ అన్న ఫ్రాన్సిస్ ఫౌక్ ఉత్తరాది బీన్ గురించి రాసిన వ్యాసం 1788లో కలకత్తా ఏషియాటిక్ రిసర్చెస్ మొదటి సంపుటంలో వచ్చింది. తన చెవిని నమ్మక, బీన్‌ని హార్ప్సికార్డుతో శ్రుతి కలిపించి, స్వరం స్వరం పోల్చి చూశానని అందులో రాశాడు. ఆ మరుసటి ఏడే విలియం హామిల్టన్ బర్డ్ అనే ఆయన హిందుస్తానీ పాటల్ని హార్ప్సికార్డుకి కుదించి కలకత్తాలో పుస్తకం వేశాడు. కుదించడం అని ఎందుకన్నానంటే, ఈ పెట్టెలో తీగ మీటాక మరి చెయ్యి అందదు. తీగను లాగి గమకం పలికించడం కుదరదు. పాటల్లో సగం ప్రాణం ఓడ దిగకుండానే పోయిందన్నమాట.

అప్పటికే ఈ వాద్యానికి రోజులు దగ్గరపడ్డాయి. ఫ్లారెన్సులో క్రిస్టోఫొరీ అనే ఆయన, స్వయంగా హార్ప్సికార్డులు చేసేవాడే, 1700 నాటికి సుత్తితో కొట్టే వాద్యం చేశాడు. అదే పియానో. వందేళ్ళు గడిచేసరికి కొత్త హార్ప్సికార్డులు చేసేవాళ్ళు దాదాపు లేకుండా పోయారు. పాతవి అటకలెక్కాయి. మళ్ళీ దాన్ని కచేరీకి తెచ్చిన ఘనత ఎక్కువగా వాండా లాండోవ్‌స్కా అనే పోలండు ఆవిడది. 1912లో ఆవిడకోసం పారిస్‌లోని ప్లెయెల్ పియానో కంపెనీవారు ఒక హార్ప్సికార్డ్ చేశారు. అది పియానోలాగా భారీగా, పాదాలతో తొక్కే మీటలతో వుండేది. పాతవాటి సున్నితం దానికి లేదని ఇప్పటివాళ్ళు పెదవి విరుస్తారు. కావచ్చు. కానీ ఆవిడ లేకపోతే విరవడానికి ఈ పెదవులే వుండేవి కావని నాకనిపిస్తుంది. 1940లో నాజీలు వస్తూంటే ఆవిడ ఇల్లు విడిచి పారిపోయింది. వాద్యాలూ పుస్తకాలూ దోపిడీ అయిపోయాయి. 1941 డిసెంబరు 7న, పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డ రోజునే, ఆవిడ న్యూయార్కులో దిగింది. తరవాత 1949లో ఫ్రాంక్ హబ్బర్డ్, విలియం డౌడ్ అనే ఇద్దరు ఈ బోస్టన్‌లోనే కార్ఖానా పెట్టి, మ్యూజియముల్లోని పాత పెట్టెల్ని కొలిచి వాటి పద్ధతిలో చెయ్యడం మొదలుపెట్టారు. 1960లలో విడిభాగాలు పెట్టెలో పంపే ఏర్పాటు వచ్చింది. చెక్కపని వచ్చిన ఎవరైనా ఇంట్లోనే బిగించుకోవచ్చు.

పక్కింటావిడ వాద్యం అలా బిగించిందే. ఆవిడ భర్త 1970లలో రెండు శీతకాలాలు కూర్చుని చేశాడు. 61 మెట్లు, రెండు వరసల తీగలు, అంటే 122 చెక్కపుల్లలు. ఒక్కొక్క మొననీ చాకుతో చెక్కి సరిచేశాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. శీతకాలం హీటర్ల వేడికి పలక బీటలిచ్చింది. ప్లాస్టిక్ మొనలు పాతబడి పెళుసై ఒకటొకటే విరుగుతున్నాయి. ఆవిడ పిల్లలేమో చిన్నఇంటికి మారమంటున్నారు. ఆ నెల ఆవిడ అడిగిన ప్రశ్న ఇదే: ‘దీన్ని ఏం చెయ్యను?’

వాళ్ళు మొహమాటపడలేదు. ఇలాంటి పెట్టెలు ఉచితంగా ఇస్తామన్నా తీసుకెళ్ళేవాళ్ళు లేరన్నాడు బాగుచేసే ఆయన. బాగుచెయ్యడానికయ్యే ఖర్చు కూడా చెప్పాడు. ఒకావిడ మాత్రం, పారిస్‌వాళ్ళు రుకర్స్ పెట్టెల్ని పారెయ్యకుండా కోసి అతికి వాడుకున్నారు కదా అంది. అవి రుకర్స్, ఇది మా ఆయన చేసింది అంది పక్కింటావిడ. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తరవాత ఆవిడే లేచి వాయించడానికి కూర్చుంది. ఏం వాయించబోతోందో చెబుతూ నాకు జుజానా రుజిచ్‌కోవా కథ చెప్పింది. చెకోస్లొవేకియాలో 1927లో పుట్టిన యూదుల పిల్ల. బాఖ్ కృతి ఒకదానిలో ఒక పేజీ స్వహస్తంతో కాగితం మీద రాసుకుని, ఆ కాగితంతో ఆష్‌విట్జ్ మరణశిబిరానికి వెళ్ళింది. బతికి బయటపడేసరికి చేతులు పాడైపోయాయి. వీటితో వాద్యం వాయించడం కల్ల అన్నారు. రోజుకి పన్నెండేసి గంటలు సాధన చేసింది. 1965లో మొదలుపెట్టి పదేళ్ళలో బాఖ్ మెట్లవాద్యాలకి రాసిన కృతులన్నీ హార్ప్సికార్డ్ మీద రికార్డు చేసింది. 2017లో చనిపోయింది.

ఆ కాగితం మీద వున్నది ఐదో ఇంగ్లీషు సూట్‌లోని సరబాంద్. నెమ్మదిగా నడిచే నాట్యగతి. ఆవిడ దాన్నే వాయించింది. పై స్థాయిలో ఒక మెట్టు మొన ఆ వారమే విరిగిందట. పాట అక్కడికి వచ్చినప్పుడల్లా మీటు లేక చెక్క టక్కుమన్న చప్పుడు మాత్రం వినిపించేది. అయినా ఆవిడ ఆపలేదు.

నేను తిరిగి బయల్దేరే ముందు వెళ్ళి చూస్తే బాగుచేసే ఆయన కిటికీ దగ్గర కూర్చుని వున్నాడు. ముందు ఈకలు, ఒళ్ళో తువ్వాలు, చేతిలో చిన్న చాకు. పైవరస పుల్లలు మాత్రం చేస్తున్నాడట, డబ్బులు తీసుకోకుండా. పలక బీటల సంగతి వేసవిలో చూద్దామన్నాడు. నేను వెళ్ళేసరికి పధ్నాలుగు పూర్తయ్యాయి. పక్కింటావిడ పక్కన నిలబడి, కొత్త మొన పెట్టిన ఒక్కొక్క మెట్టూ నొక్కి చూస్తోంది.