సైనికులకు ఎదురుకోలు

ఇంటికి వచ్చు బంధువునకు వీధి గుమ్మము వరకు ఎదురేగుట మర్యాద. దూరదేశమునకు పోయి కష్టములు పడి వచ్చినవానిని ఊరి పొలిమేరలోనే కలిసికొని తోడ్కొనివచ్చుట అంతకంటె గొప్ప మర్యాద. కాని వచ్చువాడు బంధువు కాడు, ఊరివాడు కాడు, అతని పేరైనను తెలియదు. అట్టివాని కొఱకు అర్ధరాత్రమున నిద్ర మాని ఎదురేగువారుందురా? అమెరికా సంయుక్త రాష్ట్రములలోని బాంగర్ పట్టణమున అట్టివారు కలరు.

బాంగర్ ఆ దేశపు ఈశాన్యపు మూలనున్న మెయిన్ రాష్ట్రములోని చిన్న పట్టణము. పూర్వమచ్చట వైమానిక దళమునకు ఒక స్థావరము ఉండెను. 1968లో అది మూతపడగా, ఆ స్థలము పౌర విమానాశ్రయమయ్యెను. బరువైన విమానములు దిగుటకు వీలగు 11,440 అడుగుల పొడవుగల రన్‌వే అచ్చట కలదు. అట్లాంటిక్ మహాసముద్రమును దాటి వచ్చు విమానములు పెక్కులు ఇంధనమునకై అచ్చట ఆగుచుండెను. అందుచేత పరదేశములందు యుద్ధము చేసి మరలివచ్చు సైనికులలో అనేకులు స్వదేశపు నేలపై మొదటి అడుగు పెట్టిన చోటు బాంగరే అయ్యెను.

గల్ఫు యుద్ధము ముగిసిన పిదప 1991 మార్చి నెలలో సైనికుల విమానములు వచ్చుట ప్రారంభమయ్యెను. ఆ వార్త విని పట్టణవాసులు ఎవరును పిలువకయే విమానాశ్రయమునకు వచ్చిరి. పాఠశాల విద్యార్థులు వాద్యములతో వచ్చిరి. ఒక సైనికుడు ఒక విద్యార్థి చేతిలోని శాక్సఫోన్ అను వాద్యమును అడిగి తీసికొని తమ జాతీయగీతమును వాయించెను. విన్నవారి కన్నులు చెమర్చెను.

2003లో ఇరాకు యుద్ధము వచ్చినప్పుడు ఆ పట్టణమువారు మరల పూనుకొనిరి. ఈసారి ముందునిలిచినవారిలో పలువురు వృద్ధులు. పనివిధానము మిక్కిలి సులభము. విమానము వచ్చు వేళ తెలియగానే ఒకరు మరియొకరికి టెలిఫోను చేసెదరు. పగలైనను, రాత్రియైనను, మంచు కురియుచున్నను బయలుదేరి వచ్చెదరు. సైనికులు నడచివచ్చు దారికి ఇరుప్రక్కల వరుసగా నిలిచి, ఒక్కొక్కరి చేయి పట్టుకొని కుశలమడిగెదరు. తినుటకు బిస్కట్లు మున్నగునవి ఇచ్చెదరు. ఇంటివారితో మాటలాడుటకు తమ టెలిఫోన్లను ఉచితముగా ఇచ్చెదరు. నెలల తరబడి తల్లి గొంతు విననివానికి అంతకు మించిన కానుక ఏముండును? ఇట్లు స్వాగతము పొందినవారి సంఖ్య పది లక్షలు దాటినది.

యుద్ధమునుండి వచ్చువారే కాక, యుద్ధమునకు పోవువారును ఆ దారినే నడచిరి. వచ్చువారికి "ఇల్లు చేరితివి నాయనా" అని చెప్పిన నోటితోనే, పోవువారికి "క్షేమముగా తిరిగి రమ్ము" అని చెప్పవలసివచ్చెను. పోయినవారందరును తిరిగి రారని ఆ వృద్ధులకు తెలియును. అందుచేత ఏ ఒక్కరి చేయియు పట్టకుండ విడిచిపెట్టరాదని వారు తలంచిరి.

ఈ పట్టుదలకు మరియొక కారణము కలదు. ఆ వరుసలో నిలిచినవారిలో వియత్నాము యుద్ధములో పాల్గొన్నవారును ఉండిరి. ఆ యుద్ధమును దేశములో అనేకులు నిరసించిరి. ఆ నిరసన కొంత సైనికులపైనను పడినది. 1973లో అమెరికా సేనలు వియత్నామును విడిచెను. అచ్చటినుండి మరలివచ్చిన సైనికులలో పెక్కుమందికి ఎదురువచ్చి పలుకరించినవారే లేరు. తమకు దొరకని స్వాగతమును తమ తరువాతివారికి దొరకునట్లు చేయుటకై వారు నిలిచిరి. యుద్ధము తగునా తగదా అను వాదము వేరు. ఆజ్ఞ మేరకు పోయి అలసి వచ్చిన మనుష్యుని ఆదరించుట వేరు అని వారెఱుగుదురు.

ఇట్టి సేవకు ఆ దేశమున పూర్వోదాహరణము కూడ కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, విమానములు గాక రైళ్ళే సైనికులను కొనిపోవుచుండెను. 1941 డిసెంబరు 17న నెబ్రాస్కా రాష్ట్రములోని నార్త్ ప్లాట్ అను ఊరివారు, తమ బిడ్డలున్న దళము వచ్చుచున్నదని విని కానుకలతో స్టేషనుకు వెళ్ళిరి. తీరా చూడగా వచ్చినది కాన్సాస్ రాష్ట్రపు దళము. ఊరివారు ఒక్క క్షణము నివ్వెరపడి, పిదప ఆ కానుకలను ఆ పరాయి బిడ్డలకే ఇచ్చివేసిరి. అచ్చటనున్న రే విల్సన్ అను యువతి, వచ్చు ప్రతి రైలుకును ఇట్లే చేయుదమని పత్రికకు వ్రాసెను. ఆ నెల 25వ తేదీన ప్రారంభమైన ఆ ఉపాహారశాల 1946 ఏప్రిల్ 1 వరకు నడిచెను. ఇంజనుకు నీరు పట్టునట్టి పదిపదునైదు నిమిషములలోనే సైనికులకు కాఫీయు, తినుబండారములును అందుచుండెను. పంచదారకు రేషనున్న ఆ దినములలో గృహిణులు తమ వంతు పంచదారతో కేకులు చేసి తెచ్చిరి. సుమారు 60 లక్షలమంది సైనికులు ఆ ఆతిథ్యమును పొందిరి.

బాంగరు సేవకులలో ముగ్గురు వృద్ధుల జీవితమును గూర్చి 2009లో ఒక వాస్తవచిత్రము వెలువడెను. ముసలితనమును, ఒంటరితనమును, అనారోగ్యమును వారిని బాధించుచునేయుండెను. అయినను టెలిఫోను మ్రోగగానే లేచి కోటు తొడిగికొని బయలుదేరుచుండిరి. ఆ పిలుపే తమకు బ్రతుకుపై ఆసక్తిని నిలిపినదని వారి కథవలన తెలియుచున్నది. సేవ పొందినవాడు కొన్ని గడియలలో విమానమెక్కి వెళ్ళిపోయెను. సేవ చేసినవారికి మాత్రము మరునాడు మేల్కొనుటకొక కారణము మిగిలెను.

ఆ సేవకు గొప్ప ధనము అక్కరలేదు, గొప్ప విద్య అక్కరలేదు. వచ్చువాడు ఎవరి బిడ్డయైనను, అతడు తలుపు దాటి వచ్చు వేళకు అచ్చట ఒకరు నిలిచియుండవలయును. ఆ పట్టణమువారు చేసినది అంతియే.