ముందు ఏది బాగుచెయ్యాలి?

రోగులు వచ్చినట్టే ఇక్కడి ఆసుపత్రులకు మరమ్మతు చీటీలూ రోజూ వస్తాయి. లిఫ్టు ఆగిందని ఒకటి, కుళాయి కారుతోందని ఒకటి, ఆపరేషన్ గదిలో గాలి సరిగా ఆడటం లేదని ఇంకొకటి. వచ్చిన వరుసలోనే చేద్దామంటే ప్రాణం వరుసలో నిలబడదు. ఎమర్జెన్సీలో మేం వేసుకునే ప్రశ్నే అక్కడా వెయ్యాలి: ఇది ఆలస్యమైతే ఎవరికి ఏమవుతుంది?

చిక్కంతా నోరులేని పనులతోనే. జనరేటరు గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. అందుకే అమెరికాలో దాన్ని నెలకోసారి, కనీసం 30 శాతం లోడు మీద, 30 నిమిషాలు నడిపి చూడాలని నియమం. కరెంటు పోతే 10 సెకన్లలో అది అందుకోవాలి. కుళాయి కోసం ఆ తేదీ జరపకూడదు.

2012లో శాండీ తుఫానుకు న్యూయార్కు బెల్‌వ్యూ ఆసుపత్రిలో జనరేటర్లు 13వ అంతస్తులో భద్రంగానే ఉన్నాయి. మునిగినవి నేలమాళిగలోని ఇంధన పంపులు! సిబ్బంది మెట్ల మీదుగా ఇంధనం మోయవలసి వచ్చింది. కనుక యంత్రంతోపాటు దానికి ఆధారమైనవన్నీ చీటీలో ఉండాలి.

మన ఇళ్ళలోనూ అంతే. గోడల రంగు వచ్చే వేసవిదాకా ఆగుతుంది. పొగ అలారం మీట మాత్రం నెలనెలా నొక్కి చూడండి. ఫర్నేసు సంగతి చలి రాకముందే చూడండి.