తొలి వెబ్‌సైట్‌కు పుట అమరిక: ఏ పద్ధతి మేలు?

మన ఉద్యోగుల పిల్లలే గాక, పదవీ విరమణకు చేరువైన పెద్దలు సైతం సొంత వెబ్‌సైట్ రూపొందించుకోవాలని ఉత్సాహపడుతున్నారు. రాతలు, బొమ్మలు సిద్ధమైన వెంటనే ఎదురయ్యే ప్రశ్న, దేనిని ఎక్కడ ఉంచాలన్నది. పట్టికలు, ఫ్రేములు, ఫ్లోట్లు, ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్ అంటూ అనేక మార్గాలు కనబడి కొత్తవారిని తికమక పెడతాయి. ఈ వ్యాసకర్త అక్కడ దారి తప్పినవాడే.

కొన్నేళ్ళ క్రితం మా కాలనీ వైద్యశాల వేళలను తెలిపే పుట నొకదానిని తయారు చేశాను. పాత పాఠమొకటి చూసి, గీతలు కనబడని పట్టికలో కంటి వైద్యులు, దంత వైద్యులు అన్న శీర్షికలను పక్కపక్కన ఉంచి, వాటి కింది వరుసలో రోజులను, ఆ కింద వేళలను నింపాను. తెరపై చూడముచ్చటగానే ఉన్నది. చూపు మందగించిన విశ్రాంత ఉద్యోగి ఒకరు, తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో దానిని విన్నారు. ఆ సాఫ్ట్‌వేర్ పట్టికను అడ్డవరుసల వెంబడి చదువుతుంది. "కంటి వైద్యులు, దంత వైద్యులు, సోమవారం, గురువారం" అని వినబడగా, ఆయన పంటినొప్పితో సోమవారం నాడు ఆటో మాట్లాడుకొని వచ్చి, దంతవైద్యుడు లేక తిరిగి వెళ్ళారు. "నీ పుట నాకు సోమవారమనే చెప్పిందయ్యా" అన్నారు. అది నిజమే.

పట్టికలతో పుటను అమర్చడం ఒకప్పుడు గత్యంతరం లేని పని. టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనశాలలో రూపొందించిన హెచ్.టి.ఎం.ఎల్. పత్రాలను పంచుకొనడానికి ఉద్దేశించినదే కాని అలంకరణకు కాదు. 1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్‌లో పట్టికలు రాగానే రూపకర్తలు వాటినే సాధనంగా చేసుకొన్నారు. సి.ఎస్.ఎస్. తొలి ప్రమాణం 1996 డిసెంబరులో వెలువడినా, బ్రౌజర్లు దానిని సరిగా పాటించడానికి ఏళ్ళు పట్టినది. ఆపైన, బొమ్మ పక్కగా అక్షరాలు సాగడానికి పుట్టిన ఫ్లోట్‌తో పుటనంతా నిలబెట్టారు. మేకు కొట్టడానికి రెంచి వాడినట్లు! ఫ్రేములను హెచ్.టి.ఎం.ఎల్.5 పక్కన పెట్టినది. 2017లో గ్రిడ్ ప్రధాన బ్రౌజర్లన్నింటిలో ప్రవేశించిన తరువాత ఈ అగచాట్లు అవసరం లేకుండా పోయినవి.

కొత్తవారు ఏమి చేయాలి? మొదట ఏ అమరికా చేయవద్దు. శీర్షిక, పేరాలు, బొమ్మలు చదవవలసిన క్రమంలో ఒకదాని కింద ఒకటి రాయండి. బ్రౌజర్ తనంతట తానే వాటిని ఒకే నిలువు వరుసలో పేర్చుతుంది. తెర వెడల్పును గమనించమని చెప్పే వ్యూపోర్ట్ పంక్తిని చేర్చితే ఫోనులోనూ చక్కగా ఇముడుతుంది. నా అభిప్రాయంలో సగం పుటలకు ఇంతకు మించి అక్కర లేదు.

పెద్ద తెరపై పక్క భాగం కావాలనుకొంటే అప్పుడు గ్రిడ్. ముగ్గుకు ముందు చుక్కలు పెట్టుకొన్నట్లు, అడ్డవరుసలు, నిలువు వరుసలు ఇన్ని అని చెప్పి, భాగాలను వాటిలో కూర్చోబెట్టడమే దాని పద్ధతి. పైభాగాన ఉండే లంకెల వంటి ఒకే వరుసకు ఫ్లెక్స్‌బాక్స్ చాలును. ఒకే పుటలో రెండింటినీ వాడవచ్చు. ఒక్క జాగ్రత్త: రాసిన క్రమం ఒకటి, కంటికి కనబడే క్రమం మరొకటి అయ్యేట్లు గ్రిడ్‌తో స్థానాలు మార్చవద్దు. నా వైద్యశాల పొరపాటే మరో వేషంలో తిరిగి వస్తుంది.

తెలుగు పుటకు మరొక మాట. వత్తులు కిందికి, గుడులు పైకి సాగుతాయి గనుక పంక్తుల నడుమ ఎడం ఆంగ్లానికన్నా ఎక్కువ ఉండాలి. అక్షరం ఎత్తుకు 1.6 రెట్లతో ఆరంభించి చూడండి. మన సమాసాలు పొడవైనవి. ఇరుకైన మూడు వరుసలలో అవి ఇమడక పంక్తులు బోసిగా మిగులుతాయి.

పట్టికలను బొత్తిగా విడిచిపెట్టనక్కరలేదు. వైద్యుడు, రోజు, వేళ అన్నవి నిజంగా పట్టికకు తగిన సమాచారమే. ఆ పుటను తిరగరాసినప్పుడు ఒక్కొక్క వైద్యునికి ఒక అడ్డవరుస కేటాయించి, పైన శీర్షికల గడులను స్పష్టంగా గుర్తించాను. తక్కినదంతా గ్రిడ్‌లో ఉంచాను. ఆ పెద్దాయనకు ఫోను చేసి మరల వినమని కోరగా, ఆసాంతం విని, "గురువారం, పది గంటలకు. అంతేనా?" అన్నారు. అంతేనన్నాను.