సంపుకు క్లోరిన్ వేయండి, కానీ కొలిచి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు పేటలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి నీరు అదే నగరంలోని గుణదలలో ఏ ఇంటి సంపులోకి చేరినా, బురద తోడి, గోడలు రుద్ది, మళ్లీ నింపాక చేయాల్సిన పని క్లోరిన్ వేయడమే. వంటింట్లో ఆర్వో ఉందిగా అంటారు. అది తాగే నీటికే. గిన్నెలు కడిగేది, పళ్లు తోముకునేది, పసిపిల్లలకు స్నానం చేయించేది సంపు నీటితోనే. కాచిన నీరు మంచిదే, కానీ చల్లారాక మళ్లీ క్రిమి పడితే అడ్డేమీ ఉండదు. క్లోరిన్ కొంత నీటిలోనే మిగిలి ఉంటుంది.

క్లోరిన్‌తో క్యాన్సర్ వస్తుందన్న భయం సంగతీ చూద్దాం. నీటిలోని సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిస్తే ట్రైహాలోమీథేన్లు పుడతాయన్నది నిజం. బురద ముందే తీయమనడానికి అదీ ఒక కారణం. అయితే క్రిములున్న నీటి ముప్పు ముందు ఆ ప్రమాదం చాలా చిన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఇక కొలత సంగతి: 1,000 లీటర్ల తేట నీటికి తాజా బ్లీచింగ్ పౌడరు 2.5 గ్రాములు, బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే సంపులో పోసి, గంట ఆగాలి. మూత తెరిచి ఉంచిన పాత పొడిలో సత్తువ ఉండదు, గుప్పెళ్ల లెక్క పనికిరాదు. చివరికి కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్నది భారత ప్రమాణం.