పాత పికప్‌కు గేర్‌బాక్స్ మార్చాలి.. నాలుగు గేర్లా? ఐదా?

ఇంగ్లండ్‌లో వేసవి ఆదివారం ఏ పల్లె మైదానానికి వెళ్లినా పాత బండ్ల వరుస కనిపిస్తుంది. ఆ వరుసలో గుండ్రటి బుగ్గల మోరిస్ మైనర్ ఒక్కటైనా ఉండకుండా ఉండదు. మనకు అది పరాయి బండేమీ కాదు. పెళ్లిళ్లకు, తిరుపతి ప్రయాణాలకు ఇంటిల్లిపాదీ ఇరుక్కుని ఎక్కిన అంబాసిడర్, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3కి మన దేశపు రూపం. మైనర్ కూడా ఒకప్పుడు హిందుస్థాన్ మోటార్స్ చేతుల్లో ‘బేబీ హిందుస్థాన్’ అయింది. యూకేలో స్థిరపడిన తెలుగువాళ్లలో కొందరికి నలభై దాటాక ఈ పాత బండ్ల మీద మనసు పోవడానికి ఆ చుట్టరికమే కారణమేమో!

రెడింగ్ దగ్గర ఉంటున్న నా దగ్గర 1969 నాటి మైనర్ పికప్ ఉంది. యాభై ఏళ్లు దాటిన బండి కాబట్టి గేర్‌బాక్స్ అరిగిపోయింది. దాని స్థానంలో ఏది పెట్టాలన్నది తేల్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఇలాంటి బండి కొనాలనుకునేవారికి, కొని షెడ్డులో పెట్టుకున్నవారికి పనికొస్తుందని ఆ లెక్కలన్నీ ఇక్కడ పెడుతున్నాను.

అసలు ఈ బండి కథేమిటి?

తర్వాత మినీ కారుతో ప్రపంచ ప్రసిద్ధుడైన అలెక్ ఇస్సిగోనిస్ దీని రూపకర్త. 1948లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ మోటార్ షోలో మైనర్ తొలిసారి జనం ముందుకొచ్చింది. 16 లక్షలకు పైగా తయారయ్యాయి. వ్యాన్, పికప్ రకాలు 1953లో వచ్చాయి. కారుకు విడిగా ఛాసిస్ ఉండదు, పికప్‌కు ఉంటుంది. 1962 నుంచి 1098 సీసీ ఇంజిన్ పెట్టారు. ముందుకు నాలుగు గేర్లు. మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. అంటే బండి పూర్తిగా ఆగాకే ఫస్ట్ వేయాలి. లేదా క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో కాస్త రేజ్ చేసి వేయాలి. మన ఊళ్లో పాత లారీ డ్రైవర్లు చేసే పని అదే.

ముందు జబ్బు ఏదో తెలుసుకోవాలి

చప్పుడు రాగానే గేర్‌బాక్స్ పోయిందని తీర్మానించకూడదు. బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్ చేసి వినండి. క్లచ్ తొక్కితే చప్పుడు ఆగిపోతే లోపలి బేరింగులను అనుమానించాలి. క్లచ్ తొక్కినప్పుడే చప్పుడు మొదలైతే రిలీజ్ బేరింగ్‌ది తప్పు. మైనర్‌లో అది బాల్ బేరింగ్ కాదు, కార్బన్ దిమ్మ. పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటుంటే తొందరగా అరిగిపోతుంది.

ఒకటి, రెండు, మూడు గేర్లలో ఏడుపు వినిపించి, నాలుగులో తగ్గితే లేషాఫ్ట్ వైపు చూడాలి. నాలుగో గేరులో శక్తి నేరుగా వెనక్కి పోతుంది, లేషాఫ్ట్ మీద భారం పడదు. రెండో గేరు వేసేటప్పుడు కరకరమంటే సింక్రో రింగులు అరిగినట్టు. కాలు తీయగానే గేరు తనంతట తానే బయటికొస్తుంటే ఇక విప్పక తప్పదు. నా బండికి ఈ చివరి మూడూ ఉన్నాయి.

మూడు దారులు

మొదటిది, ఉన్నదాన్నే బాగుచేయించడం. కొత్త బేరింగులు, లేషాఫ్ట్, సింక్రో రింగులు వేసి మన బాక్స్‌నే మనకు తిరిగిస్తారు. లేదంటే మనది తీసుకుని, ముందే బాగుచేసి ఉంచిన మరొకటి ఇస్తారు. దీనికి డిపాజిట్ కట్టించుకుని, మన పాతది చేరాక వెనక్కి ఇస్తారు. ఏ భాగాలు మార్చారో కాగితం మీద రాయించుకోండి. ‘రీకండిషన్డ్’ అనే ఒక్క మాటకు ఒక్కో చోట ఒక్కో అర్థం.

రెండోది, అదే కుటుంబంలోని మరో బండి గేర్‌బాక్స్. మోరిస్ మెరీనా 1.3 బాక్స్‌లో ముందుకు వెళ్లే నాలుగు గేర్లకూ సింక్రోమెష్ ఉంది. అయితే మౌంటింగులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ సరిచేసుకోవాలి. మెరీనా బండ్లే అరుదైపోయాయి కాబట్టి మంచి బాక్స్ దొరకడం కష్టం.

మూడోది, ఐదు గేర్లు. ఇక్కడ ఎక్కువమంది వాడేది ఫోర్డ్ టైప్ 9. వెనక చక్రాలతో నడిచే సియెర్రా, కాప్రీ కార్లలో వచ్చిన బాక్స్ ఇది. మైనర్‌కు అమర్చడానికి ప్రత్యేక బెల్‌హౌసింగ్, క్లచ్ ప్లేట్, పొడవు మార్చిన ప్రొపెల్లర్ షాఫ్ట్, వేరే స్పీడోమీటర్ కేబుల్ కావాలి. కిట్లు దొరుకుతాయి. కానీ సియెర్రా కూడా ఇప్పుడు పాత బండే కదా! కిట్‌తో వచ్చే బాక్స్‌ను కూడా విప్పి బాగుచేశారా లేదా అని అడగాలి. నాకొచ్చిన కొటేషన్లలో ఈ దారికి మొదటిదానికన్నా రెట్టింపు పైనే అయ్యేలా ఉంది.

లెక్క వేస్తే తేలేదేమిటి?

టైరు ఒక చుట్టుకు సుమారు 1.8 మీటర్లు దొర్లుతుందనుకుందాం. గంటకు 60 మైళ్ల వేగంలో చక్రం నిమిషానికి 894 సార్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 4.22 అయితే నాలుగో గేరులో ఇంజిన్ దాదాపు 3,770 చుట్లు తిరగాలి. టైప్ 9 ఐదో గేరు నిష్పత్తి 0.82. దాంతో అదే వేగానికి 3,090 చాలు. దాదాపు 700 చుట్లు తగ్గుతాయి. క్యాబిన్‌లో పక్కవాళ్ల మాట వినిపిస్తుంది. బరువు మోసే బండ్లలో 4.55 నిష్పత్తి కూడా ఉండొచ్చు. అప్పుడు నాలుగులో 4,070, ఐదులో 3,340 వస్తాయి. అందుకే కిట్ కొనేముందు మీ బండి డిఫరెన్షియల్ ఏదో చూసుకోండి.

గేర్‌బాక్స్ ముట్టుకోకుండా 3.9 డిఫరెన్షియల్ వేసుకునేవారూ ఉన్నారు. 60 మైళ్లకు 3,490 చుట్లు. ఖర్చు తక్కువే. కానీ అప్పుడు అన్ని గేర్లూ పొడవవుతాయి. వెనక బరువేసుకుని ఏటవాలు రోడ్డు మీద బండి కదిలించాలంటే క్లచ్ ఏడుస్తుంది. ఐదు గేర్ల బాక్స్‌తో ఆ చిక్కు లేదు. కింది గేర్లు అలాగే ఉండి, పైన ఒకటి చేరుతుంది. అయితే 48 హార్స్‌పవర్ ఇంజిన్ ఎదురుగాలిలో, ఎత్తులో ఐదో గేరును లాగలేదు, మళ్లీ నాలుగుకే రావాలి.

చట్టం, ఇన్సూరెన్స్, లైసెన్స్

నలభై ఏళ్లు దాటిన బండిని హిస్టారిక్ వర్గంలో నమోదు చేయిస్తే రోడ్డు పన్ను ఉండదు. 2018 మే నుంచి ఇలాంటి బండ్లకు ఎంఓటీ తప్పనిసరి కాదు. అయితే గత 30 ఏళ్లలో బండిని ‘గణనీయంగా మార్చి’ ఉండకూడదు. ఆ నిబంధన ప్రధానంగా చూసేది ఛాసిస్, ఇరుసులు, సస్పెన్షన్, స్టీరింగ్, ఇంజిన్. కాబట్టి కొత్త బాక్స్ పట్టించడానికి ఛాసిస్‌ను కోయాలని ఎవరైనా అంటే అక్కడే ఆగి, నిపుణుల సలహా తీసుకోండి. ఎంఓటీ అక్కర్లేకపోయినా ఏటా ఒకసారి చేయించుకోవడం మంచిది. బ్రేకులకు మినహాయింపులు తెలియవు కదా!

గేర్‌బాక్స్ మార్చినట్టు ఇన్సూరెన్స్ వారికి తప్పక చెప్పాలి. దాచిపెడితే క్లెయిమ్ వేళ ఇబ్బంది. ఇంకో మాట. ఇక్కడికొచ్చాక చాలామంది ఆటోమేటిక్‌లో టెస్ట్ పాసవుతున్నారు. ఆ లైసెన్స్‌తో ఇలాంటి మాన్యువల్ బండి నడపడం కుదరదు.

నేను ఎంచుకున్నది

పికప్‌లో ఇద్దరికే చోటు. మేం నలుగురం. తివిడేల్ బాలాజీ గుడికి ఎం40 మీద వెళ్లాలంటే ఇంట్లో వేరే కారు ఉండనే ఉంది. పికప్ పని ఏమిటంటే అలాట్‌మెంట్‌కు ఎరువు మోయడం, అక్కడ పండిన గోంగూర, సొరకాయలు తేవడం, వేసవిలో ప్రదర్శనలకు వెళ్లడం. దూరం పాతిక మైళ్లు దాటదు, వేగం 45 దాటదు. ఆ వేగానికి ఐదో గేరుతో పనేముంది? అందుకే నా బాక్స్‌నే విప్పించి బాగుచేయించాను.

మిల్టన్ కీన్స్‌లో ఉండే మిత్రుడి లెక్క వేరు. ఆయన తన మైనర్‌లో స్కాట్లాండ్ దాకా వెళ్తుంటాడు. లారీలకు 56 మైళ్ల దగ్గర లిమిటర్ ఉంటుంది. వాటి మధ్య గంటల తరబడి నలిగిపోకుండా వెళ్లాలంటే ఆయనకు ఐదో గేరు అవసరమే. ఆయన టైప్ 9 వేయించుకున్నాడు. అయినా పాత బాక్స్‌ను అమ్మకుండా గుడ్డలో చుట్టి దాచాడు. అది తెలివైన పని. రేపెవరైనా బండిని మొదటి రూపానికి తేవాలనుకుంటే దారి తెరిచే ఉంటుంది.

మార్చడమంటే అసలుతనాన్ని పాడుచేయడమేనని వాదించేవారికి ఒక్క మాట. మన అంబాసిడర్ కూడా 1990ల్లో ఇసుజు ఇంజిన్, ఐదు గేర్లు పెట్టుకుంది. దాన్ని అంబాసిడర్ కాదని ఎవరూ అనలేదు.

చివరిగా నూనె సంగతి. మైనర్ సొంత గేర్‌బాక్స్‌లో పోసేది ఇంజిన్ ఆయిలే. గేర్ ఆయిల్ కదా అని జీఎల్‌-5 రకం పోస్తే సింక్రో రింగుల ఇత్తడి, కంచు లోహాలకు హాని జరగొచ్చు. కిట్ బాక్స్ అయితే అమ్మినవారు చెప్పిన రకమే పోయండి. వేల పౌండ్ల పని, పది పౌండ్ల డబ్బా దగ్గర చెడకూడదు.