కారులో ఫ్రిజ్ ఊరికే ఆగిపోతోందా? బ్యాటరీ మార్చే ముందు ఎర్త్ చూడండి

పోయిన ఎండాకాలం మా పాత వ్యాన్‌లో అనంతపురం నుంచి కదిరి మీదుగా తిమ్మమ్మ మర్రిమాను చూడ్డానికి వెళ్లాం. వెనక సీటు పక్కన 12 వోల్టుల ఫ్రిజ్, అందులో అమ్మ ఇన్సులిన్. మధ్యాహ్నమంతా వ్యాన్ ఎండలోనే ఆగి ఉంది. తిరిగొచ్చి మూత తీసిన అమ్మ, "ఏమిరా, ఈ పెట్టె సల్లగా లేదే!" అంది. డిస్‌ప్లే మీద లో వోల్టేజ్ ఎర్రర్. తెరవని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడెక్కిన మందు వాడే ధైర్యం లేక కదిరిలో కొత్తది కొన్నాం.

మెకానిక్ చూసి బ్యాటరీ మార్చమన్నాడు. నాకు మాత్రం అనుమానం: అదే సాకెట్‌లో ఫోన్ బాగానే ఛార్జ్ అవుతోంది కదా?

అసలు మోసం ఇక్కడే

18 వాట్ల ఫోన్ ఛార్జర్ లాగే కరెంటు ఒకటిన్నర ఆంపియర్లకు కాస్త ఎక్కువ, అంతే. పైగా వోల్టేజ్ కొంచెం తగ్గినా అది సర్దుకుపోతుంది. 60 వాట్ల ఫ్రిజ్‌కు 5 ఆంపియర్లు కావాలి. లూజు కనెక్షన్ బయటపడేది అప్పుడే. ఫ్రిజ్ ఆగిపోయాక మీటర్ పెడితే లోడ్ లేదు కాబట్టి సాకెట్‌లో 12.5 వోల్టులు చూపిస్తుంది. అంతా బాగుందనుకుంటాం!

నేను చేసిన టెస్ట్

ఫ్రిజ్ బదులు 55 వాట్ల పాత హెడ్‌లైట్ బల్బును లోడ్‌గా పెట్టా (బాగా కాలుతుంది, జాగ్రత్త). ఇంజిన్ ఆపి, బల్బు వెలుగుతుండగా మల్టీమీటర్‌తో చూస్తే:

- బ్యాటరీ దగ్గర: 12.5 వోల్టులు
- సాకెట్ దగ్గర: 10.4
- బ్యాటరీ ప్లస్ నుంచి సాకెట్ ప్లస్‌కు: 0.3
- బ్యాటరీ మైనస్ నుంచి సాకెట్ మైనస్‌కు: 1.8

అంటే బ్యాటరీ మంచిదే, ప్లస్ వైరూ మంచిదే. తప్పంతా ఎర్త్‌ది. సీటు కింద బాడీకి బిగించిన బోల్టు చుట్టూ తుప్పు, దుమ్ము, కింద పెయింట్. ముందు బ్యాటరీ మైనస్ తీసేసి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, కొత్త లగ్ వేసి గట్టిగా బిగించా. మళ్లీ చూస్తే మైనస్ వైపు 0.1. సాకెట్‌లో 12.1!

మీకు ప్లస్ వైపు ఎక్కువ పోతుంటే

ఫ్యూజ్ హోల్డర్, జాయింట్లు చూడండి. తర్వాత వైరు మందం. రానూపోనూ 10 మీటర్ల 0.5 చదరపు మి.మీ. రాగి వైరులో 5 ఆంపియర్లకు దాదాపు 2 వోల్టులు పోతాయి. అదే 1.5 వైరైతే సుమారు 0.6. ఫ్యూజ్‌ని బ్యాటరీ ప్లస్‌కి దగ్గర్లోనే పెట్టండి. పదే పదే పోతోందని పెద్దది వేయొద్దు, వైరే కాలిపోతుంది.

మామూలు మల్టీమీటర్ కొన్ని వందల్లో వస్తుంది. కొత్త బ్యాటరీకి వేలు పెట్టే ముందు ఈ నాలుగు రీడింగులు తీసుకోండి. మా వ్యాన్‌లో ఇప్పటికీ ఆ పాత బ్యాటరీయే. బయల్దేరే ముందు మూత తీసి చెయ్యి పెట్టి చూడటం మాత్రం అమ్మ మానలేదు.